కొట్టిన చెయ్యి

రాజేష్ మణికట్టు విరగ్గొట్టింది రోహిణి. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎందుకంటే ఆ తర్వాత పదకొండు రోజుల పాటు రోహిణి ఇదే ముక్క పట్టుకుని కనపడ్డ ప్రతి గడపా ఎక్కింది. విన్నవాళ్ళు జాలిపడ్డారు, మెచ్చుకున్నారు, కొంగుతో కళ్ళొత్తుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నమ్మడం మాత్రం ఎవరూ నమ్మలేదు.

రాజేష్‌కి ఆటో ఉంది. మిరపకాయల సీజన్లో ఊళ్ళో ఆడవాళ్ళని పొద్దున్నే క్రోసూరు రోడ్డు కల్లాలకు తీసుకెళ్ళి, పొద్దుగూకే వేళకు తిరిగి దించుతాడు. కల్లంలో పనంటే ఎండిన కాయల్లో తాలు ఏరడం, తొడిమలు తీయడం. ఏడుగురు పట్టే ఆటోలో పద్నాలుగు మందిని కుక్కుతాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆయనగారే చెబుతాడు. ముందు సీట్లో తన పక్కన మాత్రం రోజూ రోహిణే.

"ఇటు రా రోహిణీ, వెనక నీకు ఊపిరాడదు" అనేవాడు. అబ్బో, ఎంత దయో! హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అతని మోచెయ్యి ఆమె ఒంటికి తగిలేది. గుంటలున్నచోట తగిలేది, తారు నున్నగా ఉన్నచోట కూడా తగిలేది.

రోహిణికి ముప్ఫై రెండేళ్ళు. మొగుడు పోయి నాలుగేళ్ళయింది. తల్లి ధనమ్మ, తమ్ముడు సుమంత్, తను ఒక ఇంట్లో. మొగుడు లేని ఆడదానికి నోరు కూడా ఉండదనుకుంటారు మనవాళ్ళు. రోహిణికి నోరుంది, కావలసినంత ఉంది. తమ్ముడి కోసం దాన్ని కట్టేసుకుంది.

సుమంత్ కానిస్టేబులుగా సెలెక్టయ్యాడు. మూడేళ్ళు పొద్దున్నే లేచి కాలవ కట్ట మీద పరుగెత్తి, రెండుసార్లు తప్పి, మూడోసారి కొట్టాడు. ట్రైనింగుకి పిలిచేలోపు వెరిఫికేషన్ ఒకటుంది. కుర్రాడి మీద కేసులేమైనా ఉన్నాయా అని స్టేషన్లో అడుగుతారు. ఒక్క కేసుంటే చాలు, ఇంతే సంగతులు. అందుకని ఆ ఇంట్లో ఆర్నెల్లుగా గట్టిగా దగ్గింది కూడా లేదు. పక్కింటి గేదె వచ్చి వామిలో గడ్డి పీకి తింటుంటే ధనమ్మ చూస్తూ నిలబడి "తిననీలే, నోరులేని జీవం" అంది. ఆ ధనమ్మే ఒకప్పుడు గట్టు తగాదాలో కొడవలి పట్టుకున్న మనిషి.

కాబట్టి రాజేష్ మోచేతి సంగతి రోహిణి ఇంట్లో చెప్పలేదు. చెబితే సుమంత్ వెళ్ళి నిలదీస్తాడు. నిలదీస్తే కొట్లాట. కొట్లాటయితే కేసు.

చెప్పింది నజీమాకి. కల్లంలో రోహిణి పక్కనే కూర్చుని తొడిమలు తీసే ఖాతూన్ బీకి నజీమా మనవరాలు. నరసరావుపేటలో మోటార్లకు వైండింగ్ చేసే జహంగీర్ కూతురు. ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదివొచ్చింది. అక్కడ చదివినవాళ్ళు ఇక్కడ వైద్యం చేయాలంటే మళ్ళీ ఒక పరీక్ష గట్టెక్కాలట. అది రెండుసార్లు పోయింది. షాపు చప్పుడులో చదువు సాగడం లేదని నానమ్మ ఊరొచ్చి కూర్చుంది. పుస్తకాలతో బుర్ర వేడెక్కినప్పుడు నానమ్మకు క్యారేజీ పట్టుకుని కల్లానికి వచ్చేది.

ఒకరోజు క్యారేజీతో పాటు రెండు బెత్తం కర్రలు తెచ్చింది. ఒక్కొక్కటి మూరన్నర పొడవు, చేతుల్లో నలిగి నలిగి నునుపెక్కిన కర్రలు.

"ఇది ఆర్నిస్. మన బళ్ళలో కబడ్డీ ఆడించినట్టు వాళ్ళు అక్కడ ఇది నేర్పుతారు. నేను నాలుగేళ్ళు నేర్చుకున్నా" అంది నజీమా.

"కర్రసామా? అది మగోళ్ళ పని గదమ్మా. మనమేంది, కారంపూడి తిరనాళ్ళలో ఎగరాలా ఏంది?" అంది విజయలక్ష్మి. కల్లంలో అందరికంటే నోరున్న మనిషి ఆమె. అందరూ పడీ పడీ నవ్వారు.

"ఎగిరే పనే లేదు పిన్నీ. తడిక అల్లడం వచ్చా నీకు? పై బద్ద, కింద బద్ద, మళ్ళీ పై బద్ద. రెండు కర్రలతో అంతే చేస్తాం. వాళ్ళ భాషలో ఈ పద్ధతి పేరుకి కూడా అల్లిక అనే అర్థం."

తడిక అల్లడం రాని ఆడది ఆ కల్లంలో ఎవరు? మర్నాటికి విజయలక్ష్మే తడికల దొడ్డి నుంచి వెదురు కర్రలు కోయించుకొచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇరవై నిమిషాలు, మిరపకాయల రాశుల మధ్య పట్టా ఎత్తేసిన జాగాలో, ఎదురెదురుగా ఇద్దరిద్దరు. మొదటి వారం వేళ్ళు చితక్కొట్టుకున్నారు. ఆ వేళ్ళతో మిరపకాయలు ముట్టుకుని కుయ్యో మొర్రో అన్నారు. మూడో వారానికి టకటక టకటక ఒక లెక్కలో పడింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో తను మొగుడి ముందు కూడా అంత నిటారుగా నిలబడలేదని విజయలక్ష్మి అంటే, నిలబడితే ఏమయ్యేదో చూద్దాం, ఇవాళ పోయి నిలబడు అని మిగతావాళ్ళు ఎగదోశారు.

నజీమా ఒక్కటే మాట పదేపదే చెప్పేది. "తల మీద కొట్టొద్దు. చచ్చాడంటే మీకే చేటు. మీ మీదకొచ్చేది చెయ్యి కదా, ఆ చేతినే కొట్టండి. కోరలు తీసేస్తే పాము వానపాముతో సమానం." అని రోహిణి చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర వేలితో నొక్కి చూపించింది. "ఇక్కడ. చిన్న ఎముకలు. బలంతో పనిలేదు రోహిణక్కా, వాటం చాలు."

వాటం రోహిణికి తొందరగా వచ్చింది. కల్లంలో ఆమెకూ విజయలక్ష్మికీ జోడీ కుదిరితే ఖాతూన్ బీ పని మానేసి చూస్తూ కూర్చునేది.

ఆ శనివారం సాయంత్రం సెంటర్లో అందరూ దిగిపోయారు. ఊరి చివర కాలవ అవతల ఇళ్ళు రోహిణివీ విజయలక్ష్మివీ. ఇద్దరే మిగిలారు, రోహిణి ముందు, విజయలక్ష్మి వెనక. కట్ట మీదికెక్కాక రాజేష్ ఆటో ఆపేశాడు. ఎందుకాపావని రోహిణి అడిగేలోపే చెయ్యి నడుం చుట్టూ వేశాడు.

"చెయ్యి తియ్."

"తియ్యకపోతే ఏం చేస్తావే?"

ఆమె విదిలించుకుని దిగింది, వెనక నుంచి విజయలక్ష్మీ దిగింది. అతనూ దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. రోహిణి క్యారేజీ సంచిలోంచి వెదురు కర్ర లాగింది. అది చూసి రాజేష్‌కి నవ్వాగలేదు. "ఏందే ఇది, కుక్కల్ని తోలడానికా?" అంటూ కొంగు పట్టుకోబోయాడు. ఆ చాచిన చేతి మీద, డాక్టరమ్మ వేలుపెట్టి చూపించిన చోట, రోహిణి ఒక్కటేసింది.

టక్‌మంది. అంత తేలిగ్గా అవుతుందని ఆమె అనుకోలేదు. రాజేష్ కట్ట మీద కూలబడి "అమ్మో, అమ్మో" అని చెయ్యి గుండెలకు హత్తుకుని ఏడ్చాడు. రోహిణికి ఒళ్ళంతా వణుకు. ఆ వణుకులోనే సంతోషం. దాచుకోవడానికేముంది, పట్టరాని సంతోషం. మొగుడు పోయాక మొదటిసారి తన ఒళ్ళు తన సొంతమనిపించింది. ఇంటిదాకా నడిచింది, రెండు ముద్దలు ఎక్కువే తిన్నది, పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం హెడ్ కానిస్టేబులు కృపాదానం ఇంటికొచ్చాడు. "సుమంత్ ఉన్నాడామ్మా?" అని అడిగాడు.

ఇక్కడ మా పల్నాటి పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే బయటివాళ్ళకి ఇది పిచ్చివాళ్ళ కథలా ఉంటుంది. ఊళ్ళో రెండు పార్టీలు. కొట్లాటయితే దెబ్బలు తిన్నవాడు తిన్నగా స్టేషన్‌కి పోడు, ముందు తన పెద్దమనిషి దగ్గరికి పోతాడు. కాగితం మీద ముద్దాయిగా ఎవరిని రాయాలో అక్కడ కూర్చుని తేలుస్తారు. కొట్టినవాడి పేరే రాయాలని ఎక్కడుంది? ఏ పేరు రాస్తే అవతలి కొంపకు మంట ఎక్కువో ఆ పేరు రాస్తారు. దుబాయిలో ఉన్నవాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ గొడ్డళ్ళు పట్టుకున్నట్టు కాగితాలున్నాయి.

రాజేష్ పెద్దమనిషి అతని మేనమామ యల్లమంద. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మేనల్లుడు ముండమోపి చేతిలో దెబ్బతిన్నాడంటే ఇంక ఓట్లడగడానికి ఏ వీధికి పోతాడు? పైగా అవతలి ఇంట్లో ఉద్యోగం గడప దాకా వచ్చి కూర్చున్న కుర్రాడున్నాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. ఏ-1 సుమంత్, కాలవ కట్ట మీద కాపు కాసి ఇనుప రాడ్డుతో కొట్టాడని రాయించారు. సాక్షులు ఇద్దరు, ఇద్దరూ యల్లమంద పాలేర్లే.

ఆ సాయంత్రం సుమంత్ ఎక్కడున్నాడు? చేలో ఒంటరిగా మందు కొడుతున్నాడు. మిరప మొక్కలు సాక్ష్యం చెప్పవు కదా.

రోహిణి ముందు పరుగెత్తింది తమ వైపు పెద్దమనిషి నరసింహారావు ఇంటికి. వరసకి బాబాయి అవుతాడు. అప్పటికే అరుగు మీద పది మంది. సుమంత్‌ని మధ్యలో కూర్చోబెట్టి ఎవడో భుజం తడుతున్నాడు. "సెబాసురా అబ్బాయ్! నోట్లో నాలుక లేనోడనుకున్నాం, చెయ్యి విరిచి చేతికిచ్చావే!" అంటున్నారు.

సుమంత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను కాదు మామా, నేను కాదు" అంటుంటే, కాదనే చెప్పాలి, అట్టాగే చెప్పు అని అందరూ కన్నుగీటుతున్నారు.

"బాబాయ్, కొట్టింది నేను" అంది రోహిణి.

అరుగంతా గొల్లున నవ్వింది. నరసింహారావు నవ్వలేదు. లేచొచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "తోడబుట్టినోడి మీద ఎంత పేగమ్మా నీకు! కేసు నీ మీద వేసుకుంటావా?"

"వేసుకోవడం గాదు బాబాయ్, నిజంగా నేనే. చెయ్యేశాడు, కర్ర తీసి కొట్టా."

ఆయన ఆమెను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "సరే, నువ్వే కొట్టావనుకో. బయట మాత్రం అనమాకు. మన మగోళ్ళు గాజులు తొడుక్కుని కూర్చుంటే ఆడాళ్ళు కొట్టుకొస్తన్నారని రేపు వాళ్ళు డప్పేయిస్తారు. నేను కౌంటర్ కేసు పెట్టిస్తా. వాడు నీ నడుం మీద చెయ్యేశాడని చెప్పు."

"వేశాడు బాబాయ్. నిజంగా వేశాడు."

"అదే. అట్టా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెప్పు. చానా బాగా వస్తంది."

రోహిణి ఆయన మొహంలోకి చూసింది. వెటకారం లేదు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. ఆమె అరుగు దిగింది. అబద్ధాన్ని నిజమని నమ్మించడం చూసింది గానీ, నిజం చెబితే అబద్ధం బాగా చెప్పావని మెచ్చుకోవడం అప్పుడే చూసింది.

విజయలక్ష్మి ఉందిగా, చూసిన మనిషి. కాలవ దాటి ఆమె ఇంటికి పోయింది. విజయలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని తలెత్తలేదు.

"పిన్నీ, నువ్వు చూశావు గదా."

"నేను తలొంచుకుని ఉన్నానమ్మా. చూళ్ళేదు."

"నా పక్కనే దిగావు గందా! వాడు కూలబడితే ఎగిరి చప్పట్లు కొట్టావు గందా!"

"మా ఆయన కౌలు చేసేది యల్లమంద పొలం. పైరు చేలో ఉంది." విజయలక్ష్మి అప్పుడు తలెత్తింది, కళ్ళ నిండా నీళ్ళు. "నన్ను అడగమాకు రోహిణీ. నీకు దణ్ణం పెడతా, అడగమాకు." అని నిజంగానే చేతులు జోడించింది. ఆ జోడించిన చేతుల్ని ఏమనగలదు? వచ్చేసింది.

కల్లంలో కర్రలన్నీ ఒక్కరోజులో పొయ్యిలో పోయాయి. మగవాళ్ళు చెప్పకముందే ఆడవాళ్ళే వేసేశారు.

ఇంట్లో అసలైన మాట ఆ వారం చివర్లో బయటపడింది. స్టేషన్లో నోటీసు మీద సంతకం పెట్టి వచ్చిన సుమంత్ అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "ఎందుకు కొట్టావక్కా?" అన్నాడు.



"ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే నాకు యూనిఫాం వచ్చేది. అప్పుడు వాడే నీ కాళ్ళ మీద పడేవాడు. రెండు నెలలక్కా. అంతే గదా."

ధనమ్మ "ఒరేయ్!" అంది గానీ, ఆపైన ఏమీ అనలేదు. ఆమె మనసులో ఉన్నదీ అదే. రోహిణికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. రెండు నెలలంటే పోనూ రానూ ఎన్ని ప్రయాణాలు, ఎన్ని మోచేతులు అని మనసు దానంతటదే లెక్కవేసింది. ఊళ్ళో ఇంతమంది ఇన్ని ప్రశ్నలు అడిగారు గదా, వాడు నిన్ను ఏం చేశాడమ్మా అని అడిగినవాళ్ళు ఇంట్లో కూడా లేరు.

కాసేపటికి సుమంత్ ఎంగిలి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "తప్పు మాట అన్నా అక్కా" అన్నాడు. ఆమె వాడి వీపు నిమిరింది. మూడేళ్ళు వాడితో పాటే లేచి, వాడు పరుగెత్తి వచ్చేసరికి గుడ్లు ఉడకబెట్టి ఇచ్చిన చెయ్యి అది. పట్టుకుని ఏడవడానికి ఆ పిల్లవాడికి మాత్రం ఇంకెవరున్నారు?

పదకొండో రోజు రోహిణి నజీమాను వెంటబెట్టుకుని స్టేషన్‌కి పోయింది. నజీమా తన బెత్తం కర్రలు తెచ్చింది. పరీక్ష ముందు కేసుల్లో దూరొద్దని జహంగీర్ ఫోన్లో మొత్తుకున్నాడు. అయినా వచ్చింది. సుమంత్ కూడా వచ్చి బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు.

ఎస్సై కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీలు వేయించాడు. రోహిణి ఆటో దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు.

"కౌంటరా?" అన్నాడు చివరికి.

"కౌంటర్ కాదు సార్. జరిగింది."

"ఆమెకు నేర్పింది నేను సార్. నేను డాక్టర్ని. ఫిలిప్పీన్స్‌లో నేర్చుకున్నాను" అంది నజీమా.

కృపాదానం కిసుక్కున నవ్వాడు. "పల్నాటోళ్ళకి కర్ర తిప్పడం ఫిలిప్పీన్స్ నించి వచ్చి నేర్పాలా మేడం?"

ఎస్సై కూడా నవ్వాపుకుని, "రోహిణమ్మా, వాడికి రెండు ఎముకలు విరిగినయి. గట్టి మనిషి రాడ్డుతో కొట్టినట్టుందని మేమే అనుకున్నాం. నువ్వు చూస్తే ఇంతున్నావు" అన్నాడు.

"చూపిస్తా సార్."

"ఏందమ్మా?"

"ఎట్టా కొట్టానో చూపిస్తా. హెడ్డు గారిని నా మీదకి రమ్మనండి."

ఏమనుకున్నాడో ఎస్సై సరేనన్నాడు. రైటరు పెన్ను ఆపాడు. గుమ్మంలో జనం మూగారు. కృపాదానం లాఠీ పట్టుకుని, ఆటగా, ఆమె మీదికి వచ్చాడు. రోహిణి నజీమా కర్రలు అందుకుంది. ఇది ఒక్కటి సరిగ్గా పడితే తమ్ముడు బయటపడతాడు. కాళ్ళు ఎడంగా పెట్టింది. అతని లాఠీ పైకి లేవకముందే బెత్తం మణికట్టును తాకింది, మెల్లగానే, గుర్తుపెట్టినట్టు. లాఠీ జారి గచ్చు మీద పడింది.

"ఒకసారి జారిందిలే" అని కృపాదానం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పడింది. మూడోసారి నిజంగానే కోపంతో వచ్చాడు. రెండు కర్రలూ అల్లుకుపోయి, ఒకటి చేతిని పక్కకు తోసింది, రెండోది మణికట్టు మీద వాలి ఆగింది. లాఠీ ఎగిరి బల్ల కిందికి పోయింది.  నజీమా ఎస్సై మొహం చూస్తోంది.

ఎస్సై లేచాడు. మొహంలో నవ్వు లేదు, కళ్ళలో అనుమానం లేదు. వచ్చి రోహిణి మణికట్టునూ, కర్ర పట్టిన తీరునూ శ్రద్ధగా చూశాడు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్కడు, ఒక్కడు నమ్మాడనుకుంది.

"సరిగ్గా ఇదే దెబ్బ. డాక్టరు సర్టిఫికెట్లో రాసిన చోటే" అన్నాడు ఎస్సై. కిటికీలోంచి వేపచెట్టు కింద నిలబడ్డ కుర్రాడి వైపు చూశాడు. "బాగానే నేర్పాడమ్మా మీ తమ్ముడు."

"నేను నేర్పానంటున్నాను కదా సార్!" అని అరిచింది నజీమా.

"మీరు కూర్చోండి డాక్టరు గారూ" అని ఆయన రైటరు వైపు తిరిగాడు. "రాసుకో. ముద్దాయికి కర్ర విద్యలో గట్టి తర్ఫీదు ఉన్నట్టు, ఇంట్లో ఆడవాళ్ళకు సైతం నేర్పినట్టు, అతని అక్క స్టేషన్‌కి వచ్చి చేసి చూపించింది."

రైటరు కాగితం తిప్పి రాయడం మొదలుపెట్టాడు. రోహిణి నోరు తెరిచింది. ఇప్పుడు తను ఏ మాటన్నా తమ్ముడి మెడకే చుట్టుకుంటుందని అర్థమై, మళ్ళీ మూసుకుంది.